నేతిబొట్టుకు ఇంత గౌరవం ఎందుకు? – పాఠకుల సందేహాలకు సమాధానాలు

కార్తీక దీపారాధన గురించి గత నెల ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా నెయ్యి చుట్టూనే తిరిగాయి. హోమంలో నెయ్యి, దీపంలో నెయ్యి, అన్నంలో నెయ్యి, అయ్యప్ప ఇరుముడిలో నెయ్యి అంటూ అడిగినవారందరి సందేహమూ ఒకచోటే కలుస్తున్నట్టు అనిపించి, ఈ నెల వేరే ప్రశ్నల జోలికి పోకుండా వాటికే సమాధానాలు రాస్తున్నాను.

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు: అయ్యా, నమస్కారం. మా అబ్బాయి గృహప్రవేశంలో గణపతి హోమం చేయించాం. పురోహితులు "ఆజ్యం అందించండమ్మా" అంటే, ఆజ్యమంటే ఏమిటని మా కోడలు నన్ను అడిగింది. నెయ్యేనని చెప్పాను గానీ దానికి వేరే పేరు ఎందుకో నాకూ తెలియదు. పైగా ఎనిమిదేళ్ల మనవడు "తినే నెయ్యి మంటలో పోస్తే వృథా కదా నాయనమ్మా" అన్నాడు. వాడికి ఏం చెప్పమంటారు?

అమ్మా, మీ కోడలి సందేహం చాలా పాతది. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం అనే గ్రంథం ఈ పేర్ల తేడాను ఒక్క వాక్యంలో చెప్పింది: "ఆజ్యం వై దేవానాం సురభి, ఘృతం మనుష్యాణామ్, ఆయుతం పితౄణామ్, నవనీతం గర్భాణామ్." పూర్తిగా కరిగినది ఆజ్యం, అది దేవతలకు ప్రియం, పేరినది ఘృతం, అది మనుషులది, కరిగీ కరగనిది ఆయుతం, అది పితృదేవతలది, కాచని వెన్న నవనీతం, అది గర్భంలోని శిశువులది అని వ్యాఖ్యాతలు వివరించారు. సోమయాగంలో దీక్ష పట్టిన యజమాని ఒంటికి నెయ్యి కాక వెన్న పూయడానికి కారణం కూడా అక్కడే ఉంది. దీక్షలో ఉన్నవాడు మళ్లీ పుట్టబోయే శిశువు వంటివాడు కాబట్టి అతనికి వెన్నే తగినదని ఆ బ్రాహ్మణం చెబుతుంది. 'ఆజ్యం' అన్న మాటకు పూయడం, అలదడం అనే అర్థాలున్న 'అంజ్' ధాతువు మూలం. కాటుకను అంజనమనడం కూడా ఆ ధాతువు వల్లనే. మన 'నెయ్యి' మాత్రం సంస్కృతం నుంచి రాలేదు, అది అచ్చమైన ద్రావిడ పదం. తమిళులు 'నెయ్' అంటారు. నువ్వుల నేయి కాలక్రమంలో 'నూనె' అయింది. అంటే తెలుగు మాటలో నూనె కూడా ఒక విధమైన నెయ్యే. ఈ సంగతి దీపం ప్రశ్న దగ్గర మళ్లీ అక్కరకు వస్తుంది.

ఇక మంటలో పోయడం సంగతి. ఋగ్వేదంలో నాలుగవ మండలం చివరి సూక్తం ఘృతాన్ని స్తుతిస్తూ, దాని రహస్య నామం "జిహ్వా దేవానామ్, అమృతస్య నాభిః" అంటుంది, అంటే దేవతల నాలుక, అమృతానికి నాభి. రెండవ మండలంలో ఒక ఋషి అగ్నిని గురించి "ఘృతమస్య యోనిః, ఘృతే శ్రితః" అంటాడు. నెయ్యే అతని పుట్టుచోటు, నెయ్యే అతని ఆశ్రయం. హోమగుండం పక్కన కూర్చున్నవారెవరికైనా ఇది కవిత్వం కోసం చెప్పిన మాట కాదని తెలుస్తుంది. సమిధల మీద పొగతో మగ్గుతున్న నిప్పు, స్రువం అనే గరిటెతో ఒక్క ధార పడగానే పొగను విదిల్చుకుని బంగారు రంగులో నిటారుగా లేస్తుంది. నీళ్లు పోస్తే ఆరేది, నెయ్యి పోస్తే వెలిగేది నిప్పు. ద్రవమై ఉండి కూడా అగ్నికి చుట్టమైన ఈ పదార్థాన్ని చూసి ప్రాచీనులు ఆశ్చర్యపోవడం సహజం.

ఈసారి హోమం జరిగేటప్పుడు ఆహుతులకు ముందు జరిగే తంతును మీ కోడలికి, మనవడికి దగ్గర కూర్చోబెట్టి చూపించండి. మన ప్రాంతంలో చాలామంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం, నేతిని ముందు కరిగించి, దర్భలతో చేసిన పవిత్రాలు అడ్డంగా ఉంచిన ఆజ్యస్థాలి అనే నేతిపాత్రలోకి వంపుతారు. గుండంలోంచి కొన్ని నిప్పులను ఉత్తరం వైపుకు తీసి, ఆ పాత్రను వాటి మీద పెడతారు. వెలిగించిన దర్భను పైన పట్టి ఆ వెలుగులో నేతిని చూస్తారు. రెండు దర్భకొసలను అందులో వేసి, నిప్పును మూడుసార్లు చుట్టూ తిప్పుతారు. పాత్రను దించిన తరువాత, రెండు పవిత్రాలనూ రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని నేతి మీదుగా ముందుకూ వెనక్కూ మూడుసార్లు జరుపుతారు. దీనికి ఉత్పవనమని పేరు. ఆ తరువాత ఆ పవిత్రాలను అగ్నికే అర్పిస్తారు. పంచామృతాభిషేకంలో నెయ్యి పోసేటప్పుడు వినిపించే "శుక్రమసి జ్యోతిరసి తేజోఽసి, దేవో వస్సవితోత్పునాతు" అనే మంత్రంలోని 'ఉత్పునాతు' ఈ ఉత్పవనాన్నే చెబుతోంది. సూర్యకిరణాలనే జల్లెడతో సవితృదేవుడు దీనిని శుద్ధి చేయుగాక అని అక్కడి ప్రార్థన. అమావాస్యకు, పౌర్ణమికి చేసే దర్శపూర్ణమాసేష్టిలోనైతే యజమాని భార్య ఆ నేతిలోకి తొంగి చూడాలి. ఆమె చూపు పడడం కూడా ఆజ్య సంస్కారంలో భాగమే. వెన్న కాచి నెయ్యి చేసిన ఇల్లాలి స్థానాన్ని యజ్ఞం మరచిపోలేదని నాకు ఈ విధిని చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

మీ మనవడికి రుద్రంతో పాటు చదివే చమకం గురించి చెప్పండి. నాలుగవ అనువాకంలో "పయశ్చ మే రసశ్చ మే ఘృతం చ మే మధు చ మే" అని వస్తుంది. పాలు నాకు, రసం నాకు, నెయ్యి నాకు, తేనె నాకు అని భక్తుడు ఆపకుండా అడుగుతూ పోయే మంత్రం అది. కానీ ఆ చమకానికి యజ్ఞంలో ఉన్న అసలు వినియోగం వసోర్ధార, అంటే అగ్నిలోకి తెగకుండా నేతిధార పోయడం. నోటితో "నాకు, నాకు" అని అడుగుతున్నంతసేపూ చేతిలోంచి నెయ్యి వెళ్లిపోతూనే ఉంటుంది. ప్రతి ఆహుతి తరువాతా యజమాని "ఇదం న మమ" అంటాడు. ఇది నాది కాదు అని దాని అర్థం. పాలు పిండి, తోడుపెట్టి, చిలికి, కాచి, ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ శ్రమతో తయారైనదాన్ని చేతిలో పట్టుకుని ఆ మాట అనగలగడం వృథా కాదని పిల్లవాడికి అర్థమవుతుంది. అయితే ఒక మాట. స్రువం అనేది చిన్న చెక్క గరిటె. ఆహుతి కొలత ఆ గరిటె గుంటలో పట్టేంత. డబ్బాలకు డబ్బాలు గుండంలో కుమ్మరించి ఆడంబరం చేయడాన్ని మాత్రం నేను సమర్థించలేను. మీ మనవడు చూసినది అటువంటి హోమమైతే వాడి ప్రశ్నలో న్యాయముంది.

హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు: మా అమ్మమ్మ అన్నం మీద నేతిబొట్టు పడనిదే ఏమీ తిననిచ్చేది కాదు. "అభిఘారం కానీరా" అనేది. ఆ మాటకు అర్థమేమిటి?

మీ అమ్మమ్మగారు యజ్ఞశాల మాటను వంటింట్లో నిలబెట్టారు. ఇష్టి అనే యజ్ఞంలో పురోడాశాన్ని, అంటే పిండితో కాల్చిన రొట్టెను అగ్నికి సమర్పించేముందు జుహువు అనే చెక్క పాత్రలో అడుగున కొద్దిగా నెయ్యి పోస్తారు. అది ఉపస్తరణం, అంటే పరవడం. దాని మీద పురోడాశం నుంచి రెండు ముక్కలు ఉంచి, పైన మళ్లీ నెయ్యి పోస్తారు, అది అభిఘారణం. అలా నెయ్యి తాకితేనే అది హవిస్సు అవుతుంది. అన్నం మీద నేతిబొట్టు వేయడమంటే వండిన మెతుకులను హవిస్సుగా మార్చడమే. కొన్ని ఇళ్లలో దీనినే అన్నశుద్ధి అంటారు. తరువాత పరిషేచన చేసి, అంటే విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి, "అమృతోపస్తరణమసి" అని నీళ్లు పుచ్చుకోవడంలో ఉన్నది కూడా ఆ ఉపస్తరణమే. అటుపైన "ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా" అంటూ అయిదు ప్రాణాహుతులు లోపలి అగ్నికి ఇస్తారు. వైశ్వానరుడినై ప్రాణుల దేహాలలో ఉండి నాలుగు విధాల అన్నాన్ని పచనం చేస్తున్నానని గీత పదిహేనవ అధ్యాయంలో భగవానుడు చెప్పింది ఈ అగ్ని గురించే. విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడూ ఒక చిన్న హోమం చేస్తున్నాడన్నమాట.

మన భోజనపు వరుస కూడా గమనించండి. నెయ్యితో మొదలై మజ్జిగతో ముగుస్తుంది. కవ్వం తిరిగినప్పుడు ఒకే కుండలో విడిపోయిన రెండూ, ఒకటి మొదటి ముద్దలోనూ మరొకటి ఆఖరి ముద్దలోనూ మళ్లీ ఒకే విస్తట్లోకి చేరుతున్నాయి. ఈ వరుసను ఎవరు ఏర్పరచారో గానీ, తెలుగు భోజనంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది.

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు: దీపానికి ఆవు నెయ్యే వాడాలని ఒకరు, నువ్వులనూనె చాలునని ఒకరు చెబుతున్నారు. గేదె నెయ్యి అసలు పనికిరాదని మరొకరు అన్నారు. బజారులో పూజ కోసమని అమ్ముతున్న నెయ్యి చవకగా వస్తోంది. ఏది మంచిది?

అమ్మా, మొదటి ప్రశ్నకు శాస్త్రం సూటిగానే చెబుతుంది. ఆజ్యమని ఏ విశేషణమూ లేకుండా అంటే ఆవు నెయ్యి అని అర్థం. వినాయక వ్రతకల్పంలో మనం చదివే "సాజ్యం త్రివర్తిసంయుక్తం" అన్న శ్లోకంలో 'సాజ్యం' అంటే నెయ్యితో కూడినదని. అయితే ఆవు నెయ్యి దొరకనప్పుడు గేదెది, అదీ లేకపోతే మేకది, అదీ లేకపోతే నువ్వులనూనె వంటి నూనెలు అని ప్రయోగగ్రంథాలు ప్రత్యామ్నాయాల వరుసను కూడా చెప్పాయి. ఏదీ లేదు కాబట్టి దీపం మానేయమని ఎక్కడా చెప్పలేదు. నేతిదీపం దేవుడికి కుడివైపు, నూనెదీపం ఎడమవైపు పెట్టాలని, రెండింటినీ ఒకే ప్రమిదలో కలపకూడదని సంప్రదాయం తెలిసినవారు చెబుతారు. అంటే రెండింటికీ చోటు ఉన్నట్టే కదా.

గేదె నెయ్యి పనికిరాదన్నవారికి మన ఆలయాల రాతిగోడలు సమాధానం చెబుతాయి. 1010వ సంవత్సరంలో పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయంలో రాజరాజచోళుడి కాలపు శాసనాలు ఒక్కొక్క అఖండదీపానికి 96 గొర్రెలు, లేదా 48 ఆవులు, లేదా 16 గేదెలు ఇచ్చినట్టు లెక్క చెబుతాయి. ఆ మందను తీసుకున్న కాపరి రోజుకు ఉళక్కు అనే కొలతతో ఒక కొలత నెయ్యి గుడికి కొలవాలి. మూడు రకాల పశువులకూ ఒకే దీపం, ఒకే కొలత. మన దాక్షారామం, బాపట్ల ఆలయాలలోని తెలుగు శాసనాలలో కూడా ఇటువంటి ఏర్పాటే కనిపిస్తుంది. దాతలు ఇచ్చిన పశువులను బోయలకు అప్పగించేవారు, వారు నిత్యం మానెడు నెయ్యి తెచ్చి దీపానికి పోయాలి. మంద పెరుగుతూనే ఉంటుంది కాబట్టి దీపం సూర్యచంద్రులున్నంత కాలం వెలుగుతుందని దాత నమ్మకం. రాజు, రాణి, సేనాపతి, వర్తకుడు ఎవరు వెలిగించినా, ఆ వెలుగు రోజూ తెల్లవారకముందే లేచి పాలు పిండిన కాపరి చేతిమీదుగానే వచ్చేది. గుడిలో అఖండదీపం చూసినప్పుడు దాత పేరుతో పాటు ఆ కాపరిని కూడా తలచుకోవాలని నా మనవి.

ఇక మూడో ప్రశ్న. ఇక్కడ నేను కొంచెం కఠినంగానే చెప్పవలసి వస్తోంది. ఆవు పాలలో కొవ్వు సుమారు 4 శాతం ఉంటుంది. ఆ లెక్కన కిలో నెయ్యి తీయాలంటే 25 లీటర్ల పాలు కావాలి. చిక్కని గేదె పాలైనా 14, 15 లీటర్లు పడుతుంది. మీ ఊళ్లో లీటరు పాల ధరను ఆ అంకెతో హెచ్చవేసి చూడండి. అంతకన్నా బాగా తక్కువకు అమ్మేది నెయ్యి అయ్యే అవకాశం ఎంతో మీకే తెలుస్తుంది. పూజ కోసమని అమ్మే కొన్ని డబ్బాల మీద, తినడానికి పనికిరాదని చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. మనం నోట పెట్టలేనిదాన్ని దేవుడి ముందు పెట్టడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు, ఏ మనసూ ఒప్పుకోకూడదు. అటువంటి డబ్బా కొనడం కన్నా మంచి నువ్వులనూనెతో ఒక వత్తి వెలిగించడం ఎన్నో రెట్లు మేలు. నూనె మాటలోనే నెయ్యి ఉందని మొదట్లో చెప్పింది గుర్తుంచుకోండి.

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూకు వాడే నేతిలో కల్తీ జరిగిందన్న వివాదం వచ్చినప్పుడు తెలుగు ఇళ్లలో ఎంతటి బాధ కనిపించిందో మనమందరం చూశాం. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు దర్యాప్తుకు అయిదుగురు సభ్యుల ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసింది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ప్రసాదాన్ని పోటు అనే ఆలయ వంటశాలలో ఎంత శనగపిండికి ఎంత నెయ్యి అని దిట్టం ప్రకారం తయారుచేస్తారు. మన బాధ రుచి గురించి కాదు. దేవుడికి అర్పించేది నిజమైనదై ఉండాలన్న అనాదిగా వస్తున్న నియమం గురించి. ఆ నియమం కొండమీద ఎంత వర్తిస్తుందో మన పూజగదిలోనూ అంతే వర్తిస్తుంది.

నిజామాబాదు నుంచి ఒక అయ్యప్ప దీక్షాపరుడు: స్వామి శరణం. మొదటిసారి మాల వేసుకున్నాను. ఇరుముడిలో కొబ్బరికాయ నిండా నెయ్యి పోసి తీసుకువెళ్లడం ఎందుకు?

స్వామి శరణం. ఇరుముడి కట్టేరోజు మీ గురుస్వామి చేతులను జాగ్రత్తగా చూడండి స్వామీ. పీచు తీసి నున్నగా గీకిన కాయకు మూడు కళ్లుంటాయి. మెత్తగా ఉన్న కంటికి రంధ్రం చేసి, లోపలి నీటిని పూర్తిగా వంపేస్తారు. అందులో శరణుఘోష మధ్య సన్నటి ధారగా నెయ్యి పోస్తారు. కాయ నిండాక బిరడా బిగించి, నెయ్యి కారకుండా మూసివేస్తారు. ఆ కాయ శరీరమని, లోపల ఉన్న నీరు ప్రపంచపు మమకారమని, దానిని ఖాళీ చేసి నింపిన నెయ్యి జీవాత్మ అని గురుస్వాములు చెబుతారు. సన్నిధానంలో కాయ పగలగొట్టి నేతిని స్వామికి అభిషేకిస్తారు. మిగిలిన చిప్పను పదునెట్టాంబడి, అంటే పద్దెనిమిది మెట్ల ముందున్న ఆళి అనే అగ్నిగుండంలో వేస్తారు. నెయ్యి దేవుడిని చేరింది, దేహం అగ్నిలో కలిసింది. అభిషేకం చేసిన నేతిలో కొంత ప్రసాదంగా తిరిగి ఇంటికి వస్తుంది. మండల దీక్షలో మీరు 41 రోజులు చేస్తున్న నియమమంతా ఆ ఒక్క కాయలో పట్టింది.

నేతి అభిషేకం శబరిమలకే పరిమితం కాదు. త్రిశ్శూరు వడక్కునాథస్వామి ఆలయంలో తరతరాల అభిషేకాల నెయ్యి గడ్డకట్టి గుట్టగా పేరడం వల్ల లింగం బయటికి కనిపించదు. భక్తులు దర్శించేది ఆ నేతిగుట్టనే. కేదారనాథంలో యాత్రికులు తమ చేతులతోనే స్వామికి నెయ్యి పూస్తారు. అంత మంచులో నడిచి వచ్చినవారికి దేవుడికి ఒళ్లు నిమరాలనిపించడంలో ఎంత ఆత్మీయత ఉందో చూడండి.

అమెరికాలోని డల్లాస్ నుంచి ఒక తల్లి: మా పాపకు అన్నప్రాశన చేయబోతున్నాం. పుట్టినప్పుడు చేయని జాతకర్మ కూడా ఆ రోజే జరిపించి తేనె, నెయ్యి నాకించాలని పెద్దవాళ్లు అంటున్నారు. తేనె వద్దని డాక్టరు చెప్పారు. దోషమవుతుందా?

ఏ దోషమూ లేదమ్మా, డాక్టరు మాటే వినండి. ఏడాది నిండని పిల్లలకు తేనె పెడితే బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. జాతకర్మలో తేనె, నెయ్యి కలిపి, బంగారంతో రంగరించి నాకించాలని ఆశ్వలాయన గృహ్యసూత్రం చెప్పిన మాట నిజమే. "ప్ర తే దదామి మధునో ఘృతస్య" అనే మంత్రం అక్కడిదే. ఆ మంత్రం బిడ్డకు నూరేళ్ల ఆయుష్షు కోరుతుంది. ఆయుష్షు కోరే కర్మ ఆయుష్షుకు ముప్పు తెచ్చే విధంగా చేయకూడదు. మంత్రం చదివి తేనెను దేవుడి ముందు ఉంచేయండి. ఆరు నెలలు నిండిన పాపకు మెత్తగా ఉడికించిన అన్నంలో నేతిచుక్క కలిపి, బంగారు ఉంగరంతో మొదటి మెతుకు నాలుకకు తాకిస్తే అన్నప్రాశన సర్వాంగసుందరంగా జరిగినట్టే.

నెయ్యిని ఆయుష్షుతో ముడిపెట్టడం వేదం నుంచే ఉంది. తైత్తిరీయ సంహిత "ఆయుర్వై ఘృతమ్" అంటుంది, నెయ్యే ఆయుష్షు అని. కారణాన్నే కార్యంగా చెప్పే లక్షణ అనే అర్థరీతికి ఇదే మాటను మన అలంకారికులు ఉదాహరణగా ఎత్తి చూపారు. చరకుడు నెయ్యి, నూనె, వస (జంతువుల కొవ్వు), మజ్జ (ఎముకల మూలుగ) అనే నాలుగు స్నేహాలలో, అంటే జిడ్డు పదార్థాలలో నేతిని ఉత్తమమైనదన్నాడు. ఏ మూలికతో కాచినా దాని గుణాన్ని తనలోకి తీసుకుంటుంది గానీ తన గుణాన్ని కోల్పోదు, అందువల్ల గొప్పది అని అతడు చెప్పిన కారణం. పరాయి నేలమీద పిల్లలను పెంచుతున్న మీకు ఆ గుణం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

తిరుపతి నుంచి ఒక విద్యార్థి: "ఋణం కృత్వా ఘృతం పిబేత్" అన్నది వేదవాక్యమా? అప్పు చేసి అయినా నెయ్యి తాగమని శాస్త్రం చెప్పిందా?

కాదు నాయనా. అది చార్వాకుల మతాన్ని చెబుతూ మాధవాచార్యుడు 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహంలో ఉదహరించిన మాట. బతికినన్నాళ్లు సుఖంగా బతకాలి, అప్పు చేసి అయినా నెయ్యి తాగాలి, కాలిపోయిన దేహం తిరిగి రాదు కదా అని దాని భావం. సుఖమంటే ఏమిటో ఒక్క వస్తువుతో చెప్పవలసి వచ్చినప్పుడు పరలోకాన్ని నమ్మనివాడికి కూడా నెయ్యే గుర్తుకు వచ్చిందన్నది ఇందులో గమనించదగిన విషయం.

నెయ్యి మితిమీరితే ఏమవుతుందో కూడా మన ఇతిహాసం చెప్పింది. మహాభారతం ఆదిపర్వంలో శ్వేతకి అనే రాజు పన్నెండేళ్లు తెగకుండా నేతిధార పోస్తూ యజ్ఞం చేశాడు. ఆ నెయ్యంతా తాగిన అగ్నిదేవుడికి అజీర్తి చేసి, తేజస్సు తగ్గి, ఒళ్లు పాలిపోయింది. ఆ రోగం తీరడానికి బ్రహ్మ చెప్పిన మందే ఖాండవవనం. కృష్ణార్జునులు తోడు నిలిచి ఆ వనాన్ని అతనికి ఆహారంగా ఇచ్చారు. అర్జునుడికి గాండీవం దక్కింది ఆ సందర్భంలోనే. సాక్షాత్తు అగ్నికే జీర్ణం కాని పరిమాణం ఒకటుందని చెప్పిన ఈ కథను, పెళ్లి విందులలో విస్తళ్ల నిండా నెయ్యి వడ్డించి పారేసేవారు ఒకసారి చదవాలి.

విశాఖపట్నం నుంచి ఒక గృహిణి: వచ్చే నెల మా ఇంట్లో చండీహోమం ఉంది. కొన్న నెయ్యి మీద నమ్మకం కుదరడం లేదు. ఫ్లాటులో ఉంటూ హోమానికి తగిన నెయ్యి ఇంట్లో చేసుకోగలమా?

తప్పకుండా చేసుకోగలరమ్మా. ఇప్పటి నుంచే మొదలుపెడితే ఆ రోజుకు అరకిలో అయినా చేరుతుంది. రోజూ కాచిన పాల మీద మీగడ తీసి ఒక స్టీలు గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. వారం రోజులది చేరాక బయటికి తీసి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగుతో తోడుపెట్టి ఒక పూట ఉంచండి. తోడు పెట్టకుండా మీగడను నేరుగా కాస్తే నెయ్యి వస్తుంది గానీ ఆ వాసన రాదు. సంప్రదాయం చెప్పిన నవనీతం పెరుగు చిలికితే వచ్చినదే. చల్లటి నీళ్లు పోసి కవ్వంతో చిలకండి. మిక్సీ అయినా ఫరవాలేదు, ఆపి ఆపి తిప్పండి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తరువాత ఉన్నట్టుండి కవ్వం బరువెక్కి, చల్ల పలచబడి, పైన రవ్వలు రవ్వలుగా వెన్న తేలుతుంది.

పాలలో నెయ్యి దాగి ఉన్నట్టే ప్రతి ప్రాణిలోనూ జ్ఞానం దాగి ఉందని, మనసును కవ్వం చేసి ఎప్పుడూ దానిని చిలుకుతూ ఉండాలని అమృతబిందూపనిషత్తు చెబుతుంది: "ఘృతమివ పయసి నిగూఢం భూతే భూతే చ వసతి విజ్ఞానమ్." మా నాయనమ్మకు ఉపనిషత్తులు తెలియవు. కానీ తెల్లవారుజామున చల్ల చిలుకుతూ ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు, కవ్వం తాడు ఆడుతున్నంతసేపూ పెదవులు మాత్రం కదిలేవి. ఆ శ్లోకం చదివినప్పుడల్లా నాకు ఆమె ముఖమే కనిపిస్తుంది.

వెన్నను నీళ్లు తేటగా వచ్చేవరకు మూడు నాలుగుసార్లు కడిగి, మందపాటి గిన్నెలో సన్నటి సెగ మీద పెట్టండి. మొదట నురుగు పొంగుతుంది, తరువాత చిటపటమని మోత వస్తుంది. అది వెన్నలోని నీరు ఆవిరయ్యే చప్పుడు. ఆ మోత సద్దుమణిగి, నెయ్యి తేటబడి గిన్నె అడుగు కనిపిస్తూ, అడుగున మడ్డి లేత గోధుమరంగుకు తిరిగినప్పుడు దించేయాలి. అప్పుడే ఒక తమలపాకు ముక్క వేస్తే నెయ్యి చాలాకాలం కమ్మగా ఉంటుందని మా ఇంట అలవాటు. గోరువెచ్చగా ఉన్నప్పుడు తడి లేని పాత్రలోకి వడకట్టి, కదపకుండా ఉంచితే పూసకడుతుంది. ఆవు పాలదైతే పసుపుపచ్చగా, గేదె పాలదైతే తెల్లగా పేరుతుంది. రంగును చూసి దిగులు పడనక్కరలేదు. హోమానికి కావలసినంత ముందే వేరే పాత్రలో తీసి, ఎవరూ రుచి చూడకముందే మూతపెట్టి పూజగదిలో పెట్టేయండి.

అడుగున మిగిలిన మడ్డిని పారేయకండి. అందులో కాస్త బెల్లం తురుము కలిపి, గిన్నె వేడి మీద ఉండగానే పిల్లలకు పెట్టండి. ఆ గిన్నె కోసం మా ఇంట్లో అన్నదమ్ములం వంతులు వేసుకునేవాళ్లం.